రాతిపొడి యెప్పుడు ఇసుక యగును?

కంకర క్రషరు నడచు చోట నెల్ల ఒక బూడిదరంగు గుట్ట పెరుగుచుండును. కొండరాతిని పగులగొట్టి 40, 20, 12 మిల్లీమీటర్ల కంకరగా వేరుచేయునపుడు జల్లెడల క్రిందికి జారిపోయిన నలుసును పొడియు అందు చేరును. రాతిని బట్టియు యంత్రమును బట్టియు హెచ్చుతగ్గులున్నను, పగిలిన రాతిలో ఇంచుమించు ఐదవ వంతు ఇట్లు పోవుట సామాన్యము. దీనిని మనవారు క్రషరు డస్టు అందురు. చాలకాలము దీనిని పల్లములు పూడ్చుటకును, రోడ్ల అడుగున పోయుటకును తప్ప వేరొకందులకు వాడలేదు. నేడు ఈ గుట్టనే లారీకెత్తి ఇసుక యని అమ్మువారు బయలుదేరిరి. రాతిపొడి నిజముగా ఇసుక కాగలదా? కాగలదు, కాని ఊరకే కాదు. మనము నిద్రించు ఇంటి పైకప్పు ఈ భేదముపై నాధారపడి యున్నది గనుక దీనిని కొంచెము శ్రద్ధగా విచారింతము.

మొదట, నదిలో ఇసుక యుండగా ఈ శ్రమ యేల యను ప్రశ్న పుట్టును. కృష్ణా, గోదావరి, పెన్న, మంజీర నదుల ఇసుక తరుగని ధనమని మన పెద్దలు తలచిరి. ఆనకట్టలు కట్టిన పిమ్మట ఎగువనుండి వచ్చు ఇసుక జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. తీయుట మాత్రము పెరిగినది. నది పడక దిగిన కొలదియు ఒడ్డునున్న బావులలో నీరు దిగును. వంతెనల స్తంభముల పాదములు బయటపడును. ఈ కారణముచేతనే 2002లో ఆంధ్రప్రదేశమునందు చేయబడిన నీరు, భూమి, చెట్ల చట్టము ఇసుక త్రవ్వకమునకు కట్టుబాట్లు విధించెను. 2012 ఫిబ్రవరి 27వ తేదీన సుప్రీంకోర్టు, 5 హెక్టార్లకు లోబడిన చిన్న క్వారీలకు సైతము పర్యావరణ అనుమతి కావలెనని తీర్పు చెప్పెను. ఇట్లు నదీతీరమున ద్వారము కొంత మూయబడగా, కొండ వైపు ద్వారము తెరువబడినది. హైదరాబాదులో ఒక కంపెనీ తన సరకునకు పెట్టుకొన్న పేరు జనుల నోట నాని, రాతినుండి చేసిన ఇసుకకెల్ల రోబో ఇసుక యను పేరు స్థిరపడినది. ఇంజనీర్లు ఎం శాండ్ అందురు.

ఇక కాంక్రీటులో ఇసుక చేయు పని యేమో చూడుడు. 10 లీటర్ల బకెట్టు నిండ ఒకే కొలత గల కంకర పోసి, దానిపై నీరు పోసినయెడల 4 లీటర్లకు మించి పట్టును. అంత ఖాళీ కంకర నడుమ దాగియున్నది. ఆ ఖాళీలను ఇసుక నింపును. ఇసుక రేణువుల నడుమ ఖాళీలను సిమెంటు ముద్ద నింపును. ఇసుక యంతయు ఒకే లావుగా నున్నయెడల మరల ఖాళీలు మిగులును గదా! కావున లావు, నడిమి, సన్నము రేణువులు తగుపాళ్లలో నుండవలెను. ఇందులకై భారత ప్రమాణముల సంస్థవారు 383వ సంఖ్య గల ప్రమాణమునందు జల్లెడలను నిర్ణయించిరి. 4.75 మిల్లీమీటర్ల జల్లెడ మొదలు 150 మైక్రానుల జల్లెడ వరకు ఇసుకను వరుసగా జల్లించి, ఒక్కొక్క దానినుండి నూటికెంత దిగినదో తూచెదరు. కాంక్రీటునకు మిక్కిలి అనుకూలమని యెంచబడు రెండవ తరగతి ఇసుకలో 600 మైక్రానుల జల్లెడనుండి నూటికి 35 మొదలు 59 పాళ్లు దిగవలెను. క్రషరు డస్టును ఇట్లు జల్లించినచో తరచుగా లావు నలుసు కొంత, మెత్తని పిండి కొంత యుండి, నడిమి రేణువు కొరవడును.

కొలత యొకటియే చాలదు, ఆకారమును చూడవలెను. నదీజలము రాతిని వేల యేండ్లు దొర్లించి రేణువు మూలలను అరగదీసినది. దవడ క్రషరు రాతిని రెండు ఇనుప పలకల నడుమ నొక్కి చీల్చును గనుక, దాని పొడిలో పెంకులవంటి పలుచని ముక్కలును సూదులవంటివియు అధికము. అట్టివి ఒకదానిపై నొకటి జారవు. తాపీ మేస్త్రి గరిట పెట్టగనే, ఇది గరగరలాడుచున్నదని నీరు మరికొంత పోయును. ఈ దోషమును పోగొట్టుటకు నిలువు ఇరుసుపై తిరుగు యంత్రము నొకదానిని వాడుదురు. 1970 ప్రాంతమున న్యూజీలండు దేశమందు బార్ట్లీ, మక్డొనాల్డ్ అను ఇరువురు దీనిని వాడుకలోనికి తెచ్చిరి. వారి పేర్ల తొలి భాగములు కలిసియే బార్మాక్ అను పేరేర్పడినది. నడుమ తిరుగు చక్రము రాళ్లను సెకనుకు 50, 60 మీటర్ల వేగముతో విసరును. చుట్టును గోడగా పేరుకొనియున్న రాళ్లకే అవి తగిలి పగులును. రాయి రాతినే కొట్టుట ఇందలి చమత్కారము. బలహీనమైన మూలలు విరిగిపోయి, రేణువు ఘనాకారమునకు దగ్గరపడును. నది వేల యేండ్లు చేసిన పనిని యంత్రము ఒక్క నిమిషమైనను పట్టకుండ కొంతవరకు చేయుచున్నదన్నమాట!

విద్యార్థులారా, ఇచ్చట ఒక చిన్న లెక్క వేయుడు. 1 సెంటీమీటరు భుజము గల రాతి ఘనమునకు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని 1 మిల్లీమీటరు ఘనములుగా కోసినయెడల 1000 ఘనములై, ఉపరితలము 60 చదరపు సెంటీమీటర్లగును. 75 మైక్రానుల ఘనములుగా కోసితిమా, అది 800 చదరపు సెంటీమీటర్లు! మా తొమ్మిదవ తరగతివారు ఈ సంఖ్యను నమ్మక రెండుమారులు వేసి చూచిరి. రాయి అదియే, బరువు అదియే. తడుపవలసిన పైభాగము మాత్రము 100 రెట్లకు మించినది. కావున పిండి హెచ్చిన కొలది నీరు హెచ్చును. 50 కిలోల సిమెంటు బస్తా గట్టిపడుటకు రసాయనికముగా కలుపుకొను నీరు 12 లీటర్లకు సమీపము. కలుపు సులువునకై సామాన్యముగా 25 లీటర్ల వరకు పోయుదురు. అంతకు మించి పోసిన నీరు పిదప ఆవిరియై, తానున్న చోట సన్నని రంధ్రములను విడుచును. సిమెంటునకు నీటి పాలు పెరిగిన కొలది కాంక్రీటు బలము తగ్గునని 1918లో అమెరికాలో డఫ్ అబ్రామ్స్ పరీక్షించి చూపెను. కలిపిన నాడు ఏ తేడాయు కనబడదు. చెమ్మ ఆ రంధ్రముల ద్వారా ఇనుప ఊచలను చేరి, తుప్పు పట్టించి, స్లాబు పెచ్చులూడునప్పటికి ఇసుక అమ్మినవాడు జ్ఞాపకమునకైన రాడు.

అయితే పిండి యంతయు దోషమే యనుట న్యాయము కాదు. 383వ ప్రమాణము నది ఇసుకలో 75 మైక్రానులకు లోబడిన పొడిని నూటికి 3 పాళ్లకు మించనీయదు. రాతి ఇసుకలోనో 15 పాళ్ల వరకు అనుమతించును. ఇది పక్షపాతమని కొందరందురు. కాదు. నది ఇసుకలోని మెత్తని భాగము బహుళముగా బంకమన్ను, ఒండ్రు. బంకమన్ను నీటికి ఉబ్బి, రేణువును పొరవలె కప్పి, సిమెంటును దాని నంటనీయదు. శుభ్రమైన రాతి పిండికి ఆ గుణము లేదు. మితముగా నున్నచో చిన్న ఖాళీలను పూడ్చి మేలే చేయును. చిక్కేమన, క్వారీ పైపొర మట్టిని తొలగింపకయే రాతిని క్రషరులో వేసినయెడల, అదే బూడిదరంగున బంకమన్నును దాగియుండును. కంటికి తెలియదు. మిథిలీన్ బ్లూ అను నీలి రంగును బంకమన్ను పీల్చుకొనును గనుక, ఆ రంగుతో ప్రయోగశాలలో దీనిని కనిపెట్టెదరు.

రాతి జాతియు ముఖ్యమే. తెలంగాణమందలి గ్రానైటును, తూర్పు కనుమలలోని చార్నొకైటు అను నల్లరాయియు గట్టివి. ఆ కనుమలలోనే ఖొండలైటు అను రాయి గలదు. అది ఎండవానలకు త్వరగా మెత్తబడి మన్నగును. గూడూరు ప్రాంతమువలె అభ్రకము గల నేలల రాతిపొడి మిలమిల మెరయును గాని, ఆ రేకులు కాంక్రీటునకు శత్రువులు.

ఇంటివారు చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదము. గాజు సీసాలో సగము వరకు ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీటితో నింపి, బాగుగా కుదిపి 3 గంటలు కదలింపక యుంచుడు. ఇసుక అడుగునను మెత్తని పొడి దానిపై పొరగాను నిలుచును. పొర మందముగా నుండి, పైనీరు ఎంతసేపటికిని తేరకున్నయెడల అనుమానింపవలెను. ఇది తీర్పు కాదు, అనుమానమునకు ఆధారము మాత్రమే. తీర్పునకు అమ్మువానిని జల్లెడ పరీక్ష కాగితమడుగవలెను. నిజముగా ఇసుక తయారుచేయువారియొద్ద అది యుండును. మరియొక సంగతి: తడిసిన ఇసుక ఉబ్బును. నూటికి 5 పాళ్ల తడి యున్నప్పుడు దాని కొలత నాలుగవ వంతు వరకు పెరుగవచ్చును. కావున ఘనపుటడుగుల లెక్కన కొనువారు గాలిని కూడ కొనుచుందురు.

మిగిలిన పిండి యేమగును? ఇసుకను నీటితో కడుగు చోట అది బురదనీరై వెడలును. దానిని తొట్లలో నిలిపి, తేరిన నీటిని మరల వాడుకొనవలెను. కాలువలోనికి వదలినచో పొలము మీద తెల్లని అట్ట కట్టి మొలకను ఊపిరాడనీయదు. నీరు లేని చోట గాలితో పిండిని వేరుచేసి సంచులలో పట్టెదరు. ఈ పద్ధతిలో సంచి చినిగినను, తలుపు సరిగా మూయకున్నను పిండి పనివారి ఊపిరితిత్తులలోనికే పోవును. గ్రానైటులో పాలు గణనీయముగా గల స్ఫటికపు సన్నని ధూళి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. అది పట్టినపిదప కుదుర్చు మందు లేదు. క్రషరు వద్ద నీటి తుంపరలు చల్లుటయు, బెల్టులకు మూతలు వేయుటయు, ముక్కునకు గుడ్డ గాక తగిన మాస్కు నిచ్చుటయు ఖర్చుతో గూడిన పనులు. ఇసుక వెల చౌకగా కనబడినప్పుడు ఈ ఖర్చులలో ఏది మానిరో విచారించుట కొనువారికి కష్టము కాదు. క్రషరు ప్రక్కనున్న చెట్ల ఆకులను చూచిన చాలును.