ఇనే వెళ్ళే ముందు

చిరంజీవి స్వాతికి,

వచ్చే సెలవుల్లో స్నేహితురాలితో కలిసి ఇనే వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం వేసింది. ఒసాకాలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి కూడా క్యోటో గుళ్ళు దాటి అవతలికి వెళ్ళనివాళ్ళు ఎందరో. ఇనే కూడా క్యోటో ప్రిఫెక్చర్‌లోదే, కాకపోతే ఉత్తరం కొసన, తాంగో ద్వీపకల్పం మీద ఉంటుంది. అమనోహషిదాతే దాకా రైల్లో వెళ్ళి, అక్కడ బస్సెక్కితే ఇంకో గంట.

పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామని మాత్రం అనుకోకమ్మా. ఒక రాత్రి ఉండు. పగలు వచ్చిపోయేవాళ్ళతో ఊళ్ళో ఇరుకు రోడ్డు నిండిపోతుంది, వాళ్ళవల్ల ఊరికి మిగిలేదీ తక్కువే. తెల్లవారుజామున వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చే వేళకి, ఊళ్ళోవాళ్ళు బకెట్లు పట్టుకుని రేవుకొచ్చి చేపలు కొనుక్కుంటారు. అది చూస్తేగాని ఇనే బతుకుతున్న ఊరని తెలియదు.

అక్కడ చూడాల్సినవి ఫునాయాలు, అంటే పడవ ఇళ్ళు. ఊరి ముందున్న చిన్న అఖాతం చుట్టూ సుమారు 230 ఉన్నాయి. కింది భాగం పడవకి, పైభాగం మనుషులకి లేదా వలలు, సామాన్లకి. అసలు కాపురం ఉండే ఇల్లు రోడ్డుకి అవతల, కొండవైపు ఉంటుంది. కింద నేల నీళ్ళలోకి వాలుగా దిగుతుంది, దాని మీదుగా చెక్క పడవని లోపలికి లాక్కునేవాళ్ళు. ఎండా వానా తగలకుండా, చెక్క కుళ్ళకుండా కాపాడుకోవడానికే ఈ ఏర్పాటు. ఇప్పటి ఫైబర్ పడవలు పెద్దవి, లోపల పట్టవు, బయటే కట్టేస్తారు.

గుమ్మం దగ్గర దాకా సముద్రం వచ్చినా ఇల్లెలా నిలబడిందని నీకు అనుమానం రావాలి. మన విశాఖ తీరంలో ఆటుపోట్ల తేడా మీటరు దాటుతుంది, అలాంటి చోట ఇలాంటి ఇల్లు కట్టలేం. జపాన్ సముద్రంలో ఆ తేడా బాగా తక్కువ. పైగా ఈ అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది, మూడు వైపులా కొండలు, ముఖద్వారంలో అఓషిమా దీవి. చలికాలపు ఉత్తరపు గాలి నేరుగా తగలదు. 2005లో ప్రభుత్వం ఈ ఊరిని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించింది. జాలరి పల్లెకి ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

సంరక్షిత ప్రాంతమంటే మ్యూజియం కాదు తల్లీ. తలుపు తెరిచి ఉంది, లోపల నీళ్ళు మెరుస్తున్నాయి కదా అని అడుగుపెట్టకు. అది ఒకరి ఇల్లు, ఒకరి పనిచోటు. ఆరబెట్టిన వలలు ముట్టుకోకు. ఎవరైనా ఎదురైతే తలవంచి కొన్నిచివా అను, ఫొటో తీయాలంటే అడిగి తియ్యి. చెత్తబుట్టలు కనిపించవు, నీ చెత్త నీ సంచిలోనే పెట్టుకుని తెచ్చుకో. చిల్లర యెన్‌లు దగ్గరుంచుకో. చివరి బస్సు ఎప్పుడో దిగగానే చూసుకో.

నీ స్నేహితురాలు శాకాహారి అన్నావు. ఇక్కడే నాకు బెంగ. మిసో సూప్‌లోనూ, ఉడికించిన కూరలోనూ చేపతో కాచిన దాషి అనే రసం పడుతుంది, పైకి ముక్క కనబడదు. అక్కడికెళ్ళాక చెబితే వంటవాళ్ళు నొచ్చుకుంటారు, ఆ అమ్మాయి పస్తుంటుంది. గది బుక్ చేసేటప్పుడే చెప్పాలి. అన్నం, టోఫు, ఊరగాయలు ఎలాగూ ఉంటాయి. నువ్వు మాత్రం చలికాలంలో వెళ్తే బురి చేప వదలకు, కొవ్వుపట్టి ఎంత రుచిగా ఉంటుందో! మంచు పడుతుంది, బూట్లు గట్టివి వేసుకో.

వీలుంటే కాస్త దూరంలో ఉన్న ఉరా గుడికి కూడా వెళ్ళు. ఉరాషిమా అనే జాలరి సముద్రం అడుగున దేవలోకంలో మూడేళ్ళుండి తిరిగొస్తే ఇక్కడ మూడు వందల ఏళ్ళు గడిచిపోయాయట. ఇలాంటిదే, రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళొచ్చిన కకుద్మి కథ మీ అమ్మమ్మ చెప్పేది, గుర్తుందా? ఆ కథ తెలిసిన నీకు ఆ గుడి ఇంకా నచ్చుతుందని నా నమ్మకం.

ఏ తేదీకి గది దొరికిందో వెంటనే రాయి. భోజనం గురించి బస ఇచ్చేవాళ్ళకి చెప్పాల్సిన నాలుగు ముక్కలు జపనీస్‌లో నేనే రాసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య