తల్లి భాగము ముందు, కానుక పిమ్మట

పాఠ్యభాగము: మార్కు 7:9–13
కలిపి చదువవలసినవి: లూకా 14:28–30, యోహాను 19:25–27, 1 తిమోతి 5:3–16



ప్రభువు దినములలో ఒక ఆచారముండెను. ఒకడు తన ఆస్తిని చూపి ‘కొర్బాను’, అనగా ఇది దేవునికి అర్పితము, అని పలికినచో, దానితో తల్లిదండ్రులను ఆదుకొననక్కరలేదని పెద్దలు తీర్పు చెప్పుచుండిరి. పేరు దేవునిది, పస్తు తల్లిది. ప్రభువు దానిని భక్తిగా ఎంచలేదు. దేవుని ఆజ్ఞను త్రోసివేయుటగా ఎంచెను.

ఈ పాఠమును ఇతరులకు చెప్పక ముందు మేమే నేర్చుకొనవలసి వచ్చినది. కొన్ని యేండ్ల క్రిందట, మన బెళుగుప్ప ప్రాంతములోని ఒక గ్రామములో కోతపండుగనాడు, బెంగుళూరు నుండి వచ్చిన ఒక కుమారుడు గుడి ప్రహరీగోడకై ఇరువదివేల రూపాయలు కానుక వేసెను. మేము అతని పేరు చదివి, సంతోషముతో ప్రార్థించితిమి. మరునాడు అతని చెల్లెలు మా వాకిట నిలిచి, “అయ్యగారూ, అన్న కానుక చదివినారు గదా. పక్షవాతముతో మంచాన పడిన అమ్మను ఆశ్రమములో చేర్చి మూడు నెలలాయె. డబ్బులు నేనే కడుతున్నాను. ఇంక నా చేత కాదు” అనెను. మా నోట మాట రాలేదు. ఆ గోడ లేచినది. దానిని చూచినప్పుడెల్ల ఈ వాక్యభాగము మాకు జ్ఞాపకము వచ్చుచున్నది.

1. ఆశ్రమమునకు పంపుట పాపమా?

మన సీమలో వాన తప్పినచో వేరుసెనగ పోవును, బోరు ఎండును, పిల్లలు మూటకట్టి బెంగుళూరుకు పోవుదురు. మిగిలిన కూతురో కోడలో కూలికి పోనిదే పొయ్యి వెలుగదు. మంచమందున్న ముసలితల్లిని ప్రక్కకు త్రిప్పుటకు పగలంతయు మనిషి లేనిచో వీపు పుండ్లు పడును. అట్టి తల్లిని కడిగి, త్రిప్పి, వేళకు అన్నము పెట్టు చోట చేర్చుట పాపము కాదు. ప్రభువు సిలువమీద నుండియు తన తల్లిని శిష్యుని యింటికి అప్పగించెను. అది విడిచిపెట్టుట కాదు, ఏర్పాటు చేయుట. పంపి మరచుటయే పాపము.

2. ముందుగా లెక్క చూడుము

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను. ఆశ్రమమునందు చేర్చక ముందే అడుగుడి: నెలకు ఎంత? ముందు కట్టవలసినది ఎంత? మందులు, డైపర్లు అందులో చేరినవా? ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినచో ఎవరు రావలెను? పిమ్మట ఈ నాలుగు సంచులను వెదకుడి.

మొదటిది తల్లి సొంత సంచి. మన రాష్ట్రములో వృద్ధాప్య పింఛను 2006లో 200 రూపాయలు, 2014లో 1,000, 2024 జూలై నుండి 4,000. అయితే పక్షవాతముతో పూర్తిగా మంచము పట్టినవారికి, వైద్యుల ధ్రువీకరణ మీద, అదే 2024 నుండి 15,000 రూపాయల పింఛను ఏర్పాటైనది. పైన చెప్పిన తల్లికి వృద్ధాప్య పింఛను మాత్రమే వచ్చుచుండెను. రెండవది యున్నదని ఆ యింట ఎవరికిని తెలియదు. మరియొక ఊరి ఆశ్రమములో చేర్చువారు పింఛను మార్పు సంగతి సచివాలయములో ముందే విచారింపవలెను. నెలల తరబడి తీసికొననిచో అది నిలిచిపోవును. ఆ పైకము తల్లిది. కొడుకు అప్పునకు గాని, మనుమని సెల్‌ఫోనుకు గాని కాదు.

భూమి యున్న తల్లి దానిని బిడ్డకు వ్రాసి యిచ్చునప్పుడు, ‘నన్ను పోషింపవలెను’ అను షరతు దస్తావేజులోనే వ్రాయించుకొనవలెను. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము 23వ సెక్షను ప్రకారము, షరతు తప్పినచో ఆ దానమును రద్దుచేయుమని అడుగవచ్చును.

రెండవది ప్రభుత్వపు సంచి. ఆ చట్టమే దిక్కులేని వృద్ధులకై జిల్లాకు ఒక ఆశ్రమమైనను ఉండవలెనని చెప్పుచున్నది. కేంద్ర ప్రభుత్వ సహాయముతో సంస్థలు నడుపు ఉచిత ఆశ్రమములును కలవు. వాటి సంగతి తెలిసికొనుటకు 14567 అను వృద్ధుల సహాయ నంబరు కలదు. డెబ్బది యేండ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుండి కేంద్రము ఇచ్చు ఆయుష్మాన్ కార్డు, యేడాదికి అయిదు లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకు పనికివచ్చును గాని ఆశ్రమపు నెలకట్టుకు పనికిరాదు. ఈ భేదము తెలియక మోసపోవద్దు.

మూడవది పిల్లల సంచి. ఆశ్రమమునకు నెలకు 10,000 అనుకొందము. పింఛను 4,000 పోగా 6,000 మిగులును. ముగ్గురు బిడ్డలకు తలకు రెండువేలని చెప్పుట సులభము, న్యాయము కాకపోవచ్చును. పట్నములో జీతగాడు మూడువేలు, ఊరిలోని తమ్ముడు రెండువేలు, కూలికి పోవు చెల్లెలు వెయ్యి పెట్టుకొనవచ్చును. వారము వారము బస్సెక్కి పోయి తల్లి తల దువ్వి వచ్చు కూతురి శ్రమయు లెక్కలోనిదే. ఎవరెంతయో, ఏ తేదీకో కాగితముమీద వ్రాయుడి. వ్రాయని మాట సంక్రాంతి వరకైనను నిలువదు.

నాలుగవది సంఘపు సంచి. బంధువులున్న విధవరాండ్రను బంధువులే ఆదుకొనవలెననియు, అప్పుడు ఎవరును లేనివారికి సంఘము సహాయము చేయగలదనియు పౌలు తిమోతికి వ్రాసెను. కాబట్టి మన పిడికెడు బియ్యము కొడుకు బాధ్యతను తీసివేయుటకు కాదు. బిడ్డలు లేని అవ్వకు అది మొదటి హక్కు. బిడ్డలున్నచోట సంఘపెద్దల పని వారిని ఒకచోట కూర్చుండబెట్టుట.

3. చట్టము చివరి మెట్టు

బిడ్డలు వినకున్నచో తల్లిదండ్రులు ఆర్.డి.ఓ. గారి యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును. వకీలు అక్కరలేదు. నోటీసు అందిన తొంబది దినములలో తీర్పు కావలెను. నెలకు 10,000 వరకు ఇప్పించవచ్చును. ఇది తల్లికి రక్షణ. అయినను కచేరి మెట్లెక్కు దినము రాకుండ చేయుట బిడ్డల ధర్మము.

ఆ కుమారుని సంగతి చెప్పి ముగింతుము. క్రిస్మసుకు అతడు వచ్చినప్పుడు ముగ్గురిని మా యింట కూర్చుండబెట్టితిమి. అతడు పిసినారి కాడు. “నాకెవరూ చెప్పలేదయ్యగారూ. పింఛనుతో సరిపోతుందనుకొంటిని” అని కన్నీరు పెట్టుకొనెను. చెల్లెలు అడుగుటకు సిగ్గుపడెను, అన్న విచారింపలేదు, మేము అడుగక కానుక తీసికొంటిమి. ఆ రాత్రి లెక్క వ్రాసిరి. వైద్యుల ధ్రువీకరణకు అర్జీ పెట్టిరి. మరుసటి కోతపండుగకు అతడు తెచ్చిన కానుక రెండువందలు. దానిని మేము మొదటిదానికంటె ధైర్యముతో చదివితిమి. అది మొదలు పెద్ద కానుక తెచ్చినవానిని చాటుకు పిలిచి, “అమ్మానాన్నల సంగతి ఏమి నాయనా?” అని అడుగుచున్నాము.

కూటములో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన తల్లిదండ్రుల పింఛను ఎవరి చేతిలో ఖర్చగుచున్నది?
2. ఖర్చు మోయుచున్న తోబుట్టువును ఈ నెల మనము విచారించితిమా?
3. మన సంఘములో ఎవరును లేని వృద్ధులు ఎవరు? వారి పేర్లు మనకు తెలియునా?