గొంతు లేనివారు ఎవరూ లేరు



కడరా భోజనం ముగిశాక యేసుప్రభువు, శిష్యులు కీర్తన పాడి ఓలీవు కొండకు వెళ్లారని మత్తయి సువార్త చెబుతుంది (26:30). ఆ రాత్రి ప్రభువుతో గొంతు కలిపినవారు సంగీత విద్వాంసులు కారు. వలలు లాగినవారు, సుంకం వసూలు చేసినవారు. అయినా పాడారు. శ్రమలకు ముందు ప్రభువు వారితో కలిసి చేసిన ప్రార్థన అది.

మన విచారణలలో ఆదివారం పూజకు వచ్చినవారిలో చాలామంది పాట మొదలవగానే నోరు మెదపరు. అడిగితే, “నాకు గొంతు లేదండీ” అంటారు. చిన్నతనంలో ఎవరో నవ్వి ఉంటారు. “నువ్వు పాడకు, పాట పాడైపోతుంది” అని ఉంటారు. ఆ ఒక్క మాట మనిషిని జీవితాంతం మౌనంగా నిలబెడుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన పత్రం మాత్రం ప్రజలు జవాబులతో, కీర్తనలతో, పాటలతో చురుకుగా పాల్గొనాలని కోరింది. పూజలో పాట గాయక బృందం ఒక్కరి సొత్తు కాదు. అది విశ్వాసులందరి ప్రార్థన. కాబట్టి గొంతును సరిచేసుకోవడం ఎలాగో ఈ వారం నేర్చుకుందాం.

1. ఊపిరి

మన స్వరపేటికలో రెండు చిన్న మడతలు ఉంటాయి. ఊపిరి వాటి మధ్యగా వచ్చినప్పుడు అవి అదిరి నాదం పుడుతుంది. మాట్లాడేటప్పుడు ఆ మడతలు పురుషులలో సెకనుకు 100కు పైగా, స్త్రీలలో సుమారు 200 సార్లు అదురుతాయి. ఊపిరి చాలనప్పుడు మనం గొంతు బిగించి అరుస్తాం. కొత్తవారి కష్టాలలో సగం ఇక్కడే ఉన్నాయి.

నిటారుగా నిలబడండి. అరచేయి పొట్టమీద పెట్టుకోండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు పొట్ట ముందుకు రావాలి, భుజాలు పైకి లేవకూడదు. ఇప్పుడు “స్‌స్‌స్” అంటూ గాలిని సన్నగా, ఒకే తీరుగా వదలండి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. మొదటిరోజు 10 వచ్చినా చాలు. రోజూ చేస్తే లెక్క దానంతటదే పెరుగుతుంది.

2. గొంతు మేలుకొలుపు

నిద్రలేచిన గొంతుతో ఒక్కసారిగా పైస్థాయి పాట ఎత్తుకోకండి. పిల్లలు బస్సు ఆట ఆడుతూ పెదవులు అదిలించి “బుర్ర్” మంటారు కదా, అలాగే రెండు నిమిషాలు చేయండి. తరువాత నోరు మూసి “మ్‌మ్” అని మెల్లగా కూనిరాగం తీయండి. పెదవుల దగ్గర, ముక్కు దగ్గర సన్నని అదురు తెలియాలి. గొంతులో నొప్పి తెలిస్తే ఆపి, స్థాయి తగ్గించండి.

3. చెవి

అపస్వరం పలికేవారిలో ఎక్కువమందికి గొంతు బాగానే ఉంటుంది. వారికి లేనిది విని కలిపే అలవాటు. హార్మోనియంలో రెండు నల్లమెట్ల జంటకు ఎడమపక్కన ఉన్న తెల్లమెట్టును “స” అనుకోండి. దాన్ని నొక్కి ముందు వినండి, తరువాత మనసులో పాడుకోండి, ఆపైన నోటితో “ఆ” అని కలపండి. కలిసినప్పుడు మీ నాదం, పెట్టె నాదం ఒకటైపోతాయి. అది కుదిరాక అక్కడినుండి వరుసగా తెల్లమెట్లన్నీ పాడుతూ పై “స” వరకు వెళ్లి దిగండి. ఇదే శంకరాభరణం స్వరాల వరుస, పాశ్చాత్యుల మేజర్ స్కేలు. మనం చర్చిలో పాడే పాటల్లో అనేకం ఈ వరుసపైనే నడుస్తాయి.

సెల్‌ఫోనులో మీ పాట రికార్డు చేసి వినండి. అది తన గొంతు కాదేమో అనిపించడం సహజం. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. రికార్డులో వినేదే ఇతరులు వినేది. సిగ్గుపడకుండా వినేవారు త్వరగా నేర్చుకుంటారు.

4. మాట

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇది పాడేవారికి వరం. అచ్చుల దగ్గర నోరు బాగా తెరవండి, హల్లులను స్పష్టంగా పలకండి. మాట మధ్యలో ఊపిరి తీసుకోవద్దు. “రక్ష” దగ్గర ఆగి “కుడా” అంటే ప్రార్థన విరిగిపోతుంది. ముందు చరణాన్ని చదివి, అర్థం తెలుసుకొని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టుకోండి.

5. గొంతు సంరక్షణ

మనం తాగిన నీరు నేరుగా స్వరపేటికను తడపదు. అది ఆహారనాళంలోకి పోతుంది. అందుకే పాటకు ముందు గ్లాసెడు నీళ్లు తాగితే సరిపోదు, రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. పదేపదే గొంతు సకిలించడం, జలుబు చేసినప్పుడు బలవంతంగా పాడడం మానండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. మగపిల్లలకు యౌవనారంభంలో గొంతు మారుతుంది. ఆ సమయంలో వారిని వెక్కిరించకండి, కిందిస్థాయిలో పాడనివ్వండి. అప్పుడు నోరు మూసుకున్న పిల్లవాడు పెద్దయ్యాక కూడా తెరవకపోవచ్చు.

గాయక బృందాలకు ఒక మనవి

విశ్వాసులు పాడకపోవడానికి అన్నిసార్లూ వారి బిడియమే కారణం కాదు. పాట మరీ పైశ్రుతిలో ఎత్తుకోవడం కూడా ఒక కారణం. పైన చెప్పిన “స” ప్రకారం పై స్థాయి “రి” దాటితే మామూలు జనానికి అందదు. కీబోర్డులో శ్రుతి ఒకటి రెండు మెట్లు తగ్గించండి, మైకు శబ్దం కూడా కొంచెం తగ్గించండి. భక్తి కీర్తన పల్లవిని పూజకు ముందు రెండుసార్లు అందరిచేత పాడించండి. పక్కవారి గొంతు వినబడితేనే మనిషికి పాడే ధైర్యం వస్తుంది.

ఇంట్లో ప్రతి సాయంకాలం కుటుంబ ప్రార్థనకు ముందు 15 నిమిషాలు ఈ సాధనకు కేటాయించండి. తాతయ్య, అమ్మమ్మ, చిన్నారులు అందరూ కలవండి. ఎవరూ ఎవరినీ చూసి నవ్వకూడదన్నది ఒక్కటే నియమం. నెల రోజుల్లో మీరు విద్వాంసులు కాకపోవచ్చు, కాని గొంతు బిగువు సడలుతుంది, చెవి మేలుకుంటుంది. వచ్చే ఆదివారం ప్రవేశ గీతం మొదలైనప్పుడు పాటల పుస్తకం తెరవండి. మెల్లగానైనా సరే, మొదటి చరణంనుండే గొంతు కలపండి. ఆ గొంతు ఇచ్చినవాడు దాన్ని వినడానికి ఎదురుచూస్తున్నాడు.