ఊరి ఆకలి లెక్క ఊరివాళ్లే రాయాలి

పోయిన పంట కల్లం లేపిన రోజున ఇంటికి ఎన్ని బస్తాలు తెచ్చుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ గింజలు ఏ నెలదాకా వచ్చాయో గుర్తుందా? ఎకరం, రెండెకరాల రైతుల ఇళ్లలో చాలాచోట్ల ఆషాఢం వచ్చేసరికి గుమ్మి అడుగు కనిపిస్తుంది. విత్తనం, ఎరువు కొనాల్సిందీ, పిల్లల బడి ఖర్చు వచ్చేదీ ఆ రోజుల్లోనే. అప్పు తీర్చడానికి కల్లం మీదే అగ్గువకు అమ్మిన గింజను శ్రావణంలో పిరానికి కొనుక్కు తినాల్సి వస్తుంది.

దీన్నే ఆకలి అంటారు. అయితే ఊళ్లో ఆ మాట ఎవరూ పైకి అనరు, నామోషీ. రచ్చబండ దగ్గర మగవాళ్లను అడిగి చూడండి. "మా ఊళ్లో ఆకలెక్కడుందండీ, రేషన్ బియ్యం వస్తున్నాయిగా!" అంటారు. అదే సంగతి ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి, ఇంకోరకంగా అడగాలి. ఇంట్లో చివరికి తినేదెవరు? వాళ్లకు కూర మిగులుతుందా? పప్పు వండి ఎన్నాళ్లయింది? అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మంది పైనే, తెలంగాణలో 57 మంది పైనే అని తేలింది. కడుపు నిండినట్టే ఉన్నా ఒంటికి పట్టే తిండి లేకపోవడం కూడా ఆకలే.

నేల మీద లెక్క

ఈ లెక్క తీయడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక సాయంత్రం, ఒక వాడ చాలు. చదునైన చోట ముగ్గుపిండితో పన్నెండు గళ్లు గీయండి. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా గడికో నెల. ఒక్కో ఇంటివాళ్లు వచ్చి, సొంత గింజలున్న నెలల్లో చింతగింజ, కొనుక్కు తిన్న నెలల్లో గులకరాయి, అప్పుచేసి గానీ పూట తగ్గించుకుని గానీ గడిపిన నెలల్లో బొగ్గుముక్క పెట్టాలి. పేర్లు చదవొద్దు. ఎవరు ఏది పెట్టారో రాయొద్దు. వాడంతా పెట్టడం అయ్యాక గడి గడికీ బొగ్గుముక్కలు లెక్కపెట్టి చదువుకున్న పిల్లతో నోటుబుక్కులో రాయించండి. బొగ్గులు ఎక్కడ కుప్పపడ్డాయో అందరికీ కళ్లెదుటే కనిపిస్తుంది. నోటితో చెప్పలేని మాట బొగ్గుముక్క చెబుతుంది.

ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, కౌలుకు చేసుకునేవాళ్లు, వలస పోయి వచ్చినవాళ్లు ఈ ఆటకు రారు. పిలిచినా వెనక నిలబడతారు. వాళ్ల ఇళ్లకు మీరే వెళ్లాలి. వాళ్లను వదిలేసి తీసిన లెక్క ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం.

ఇక మీ ఇంటి లెక్క. పొలం పనిచేసే మనిషికి రోజుకు 400 గ్రాముల గింజ అనుకుందాం. అయిదుగురికి నెలకు 60 కిలోలు. ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి 5 కిలోల చొప్పున రేషన్‌లో 25 కిలోలు వస్తాయి. తక్కువ పడేది 35 కిలోలు. ఏడాదికి 420 కిలోల బియ్యం. వంద కిలోల వడ్లకు 65 కిలోల బియ్యం వస్తాయనుకుంటే సుమారు 650 కిలోల వడ్లు, అంటే 75 కిలోల బస్తాలు తొమ్మిది. షావుకారు కల్లం దగ్గరికి రాకముందే ఈ తొమ్మిది బస్తాలు పక్కన పెట్టాలి. "అప్పు ఎవడు తీరుస్తాడు?" అంటారు. నిజమే. అప్పు పూర్తిగా తీరదు. అయితే శ్రావణంలో ఆ గింజల కోసమే చేసే కొత్త అప్పు తప్పుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

జహీరాబాద్ ఆడవాళ్లు చేసిన పని

ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో ఈ దారి పట్టాయి. సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలు. వాళ్ల భూములు చాలావరకు ఎర్రచెలకలు, రాళ్లు తేలినవి. దున్నడానికి చేతిలో పైసల్లేక పడావు పడినవి కూడా ఎన్నో. రేషన్‌లో వచ్చేవి ఎక్కడో పండిన బియ్యం. వాళ్లు తరతరాలుగా తిన్నదేమో జొన్న రొట్టె. మన భూమి పడావు పెట్టుకుని దుకాణం ముందు వరసలో నిలబడడమేమిటని సంఘాలు అడిగాయి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో, దున్నకానికీ ఎరువుకూ విత్తనానికీ రైతులకు విడతలుగా అప్పు ఇచ్చారు. ఆ అప్పును రైతులు డబ్బు రూపంలో కాకుండా జొన్నల రూపంలో కొన్నేళ్లపాటు సంఘానికి తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే గుమ్ముల్లో నిలవచేసి, గింజలు కరువయ్యే నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు.

ఎవరికి ఎన్ని గింజలు అన్నది తేల్చింది మాత్రం ఊరే. ఎవరి ఇల్లు ఎంత పేదదో అందరూ కూర్చుని, ఊరి పటం ముందు పెట్టుకుని చెప్పారు. దాపరికం లేదు కాబట్టి ఉన్నవాడు లేనివాడి పేరు మీద గింజ తీసుకోవడం కష్టం. వానలు మోసం చేసిన ఏడాది జొన్నా తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. అయినా చెలకలో కందీ, పెసరా, కొర్రా కలిపి వేస్తే ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది.

కాగితం మీద పెట్టండి

నోటుబుక్కులోని లెక్కను గ్రామసభ ముందు పెట్టి తీర్మానం రాయించాలి. "మా ఊళ్లో ఆకలి ఉంది" అంటే అధికారి తల ఊపి ఊరుకుంటాడు. "ఫలానా వాడలో ఇన్ని ఇళ్లకు శ్రావణంలో గింజల్లేవు, అందులో ఇన్ని ఇళ్లకు కార్డు లేదు, అంగన్‌వాడీలో గర్భిణులకు ఇన్ని రోజులు భోజనం పెట్టలేదు" అంటే జవాబు చెప్పి తీరాలి.

2013 ఆహార భద్రత చట్టం మీకు చెప్పేవి ఇవి: అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు, మిగతా అర్హులకు మనిషికి 5 కిలోలు. ఈ గింజలు 2023 జనవరి నుంచి ఉచితం. డబ్బు అడిగితే ఫిర్యాదు చేయొచ్చు. గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో భోజనం, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం కూడా ఈ చట్టంలో హక్కులే. దుకాణం రికార్డులు ఎవరైనా చూడొచ్చు.

మట్టిపని చేసి వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలివాళ్లకు మిషన్ వేలిముద్ర తీసుకోదు. ఆ వంకతో ఉత్తచేతులతో పంపితే ఊరుకోవద్దు. ఆధార్ పేరు చెప్పి ఎవరికీ గింజలు ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులో రాష్ట్రాలకు రాసింది.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకుని దాచుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. ముందు తహసీల్దారుకు, కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, ఆపైన జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, చివరికి రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఇవ్వాలి. జిల్లా అధికారి చెప్పిన సాయం సరైన కారణం లేకుండా అందించని ఉద్యోగికి 5 వేల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. రేషన్ ఫిర్యాదులకు 1967 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఒక్కరు పోతే డీలర్‌తో పగ వస్తుంది. పదిమంది కలిసి పోయి, మాట్లాడే పని అక్కచెల్లెళ్లకు అప్పగించండి.

ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి. వచ్చే ఏడాది అదే చోట, అదే గళ్లు మళ్లీ గీసి, పాత నోటుబుక్కు పక్కన పెట్టుకుని బొగ్గుముక్కలు లెక్కపెట్టండి.