పాఠం 9: మా బస్తీ బడి గురించి నలుగురి మాట

9.0 పరిచయం

పిల్లను ఏ బడిలో వేయాలి? వేసిన బడిలోనే ఉంచాలా, మార్చాలా? ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇరుగుపొరుగును అడుగుతాం. ఒకరు మంచిదంటారు, ఇంకొకరు పనికిరాదంటారు. చివరికి గట్టిగా చెప్పినవారి మాటే నెగ్గుతుంది. పిల్ల చదువు మాత్రం ఆ మాట మీదే ఆధారపడిపోతుంది.

ఈ పాఠంలో మనం మాంగోలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల గురించి తల్లిదండ్రులు చెప్పగల మాటలను పరిశీలిద్దాం. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు సువర్ణరేఖ నది అవతలి ఒడ్డున ఉన్న పెద్ద నివాస ప్రాంతం మాంగో. 2011 జనగణన నాటికే అక్కడ 2 లక్షల 20 వేలకు పైగా జనం ఉన్నారు. టాటా ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు పని కోసం ఈ నగరానికి చేరారు. వారి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ప్రభుత్వ బడిలో మాత్రం సాధారణంగా హిందీలో చదువుతారు. కనుక ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు బడిని అంచనా వేయడంలో ఒక అదనపు కష్టం ఉంది. దాని గురించి కూడా తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• విన్న మాటకు, చూసిన విషయానికి, కోరికకు మధ్య తేడా గుర్తించగలరు.
• బడిలో చూడవలసిన ముఖ్యాంశాలను చెప్పగలరు.
• పిల్లల చదువును ఇంటి దగ్గరే తేలికగా పరీక్షించగలరు.
• మీ అభిప్రాయాన్ని బడి యాజమాన్య సమితి ముందు స్పష్టంగా చెప్పగలరు.

9.1 ఒక ఇంటి సమస్య

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. వారు మాంగోలో డిమ్నా రోడ్డుకు దగ్గరలో అద్దె ఇంట్లో ఉంటారు. తండ్రి ఆదిత్యపూర్‌లోని ఒక వర్క్‌షాపులో షిఫ్టుల మీద పనిచేస్తాడు. తల్లికి తెలుగు చదవడం వచ్చు. హిందీ మాట్లాడగలదు కానీ చదవలేదు. వారి అమ్మాయి దగ్గరలోని ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాది ఆమెను ప్రైవేటు బడికి మార్చాలా అని ఇంట్లో చర్చ జరుగుతోంది. మార్చితే తండ్రి జీతంలో చెప్పుకోదగ్గ భాగం ఫీజుకు, బండికి పోతుంది. మార్చకపోతే పిల్ల వెనకబడుతుందేమోనని భయం.

తల్లి ఐదుగురిని అడిగింది. వారు ఇలా అన్నారు:

1. పక్కింటావిడ: "వదినా, ఆ బడిలో చదువేమీ చెప్పరట. టీచర్లు సరిగ్గా రారట."

2. అత్తగారు: "ఎదురింటి పిల్లలు టై కట్టుకుని బండెక్కుతారు. మన పిల్ల కూడా అలా ఇంగ్లీషు మాట్లాడితే చూడాలనుంది."

3. అదే తరగతి పిల్లవాడి తండ్రి: "మావాణ్ణి నిన్న 41లోంచి 17 తీసెయ్యమన్నాను. 36 అన్నాడు."

4. ఇళ్ళల్లో పనిచేసే తల్లి: "మధ్యాహ్నం పిల్ల అక్కడే తింటుంది, నేను నిశ్చింతగా పనికి పోతాను. కానీ అక్కా, ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచుతున్నారు. నిన్న కూడా పిల్ల ఇంటికి వచ్చేదాకా ఆపుకుంది."

5. ఆటో నడిపే తండ్రి: "మాస్టారు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు. మావాడు జ్వరంతో మూడు రోజులు పోకపోతే, ఎందుకు రాలేదని నన్నాపి అడిగారు."

ఐదుగురూ ఒకే బడి గురించి మాట్లాడారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ అందరి మాటలకూ ఒకే విలువ ఇవ్వవచ్చా?

9.2 'అట' అనే చిన్న మాట

మొదటి మాటను మళ్ళీ చదవండి. "చెప్పరట", "రారట". చివర ఉన్న 'ట' ఏం చెబుతోంది? ఆ విషయం తాను చూడలేదని, ఎవరో చెప్పగా విన్నానని చెబుతోంది. తెలుగులో ఈ ఒక్క అక్షరం చాలు, విన్నదానినీ చూసినదానినీ వేరు చేయడానికి.

అయితే మాట చేతులు మారేకొద్దీ ఈ 'ట' జారిపోతుంది. పక్కింటావిడ "టీచర్లు రారట" అంటుంది. తల్లి భర్తతో "టీచర్లు రారంట" అంటుంది. భర్త తన స్నేహితుడితో "అక్కడ టీచర్లు రారు" అంటాడు. మూడో నోటికి వచ్చేసరికి విన్నమాట నిజమై కూర్చుంది. మొదట చెప్పిన మనిషి ఏ రోజు చూశారో, ఎంతమంది టీచర్లు రాలేదో ఎవరికీ తెలియదు.

కాబట్టి మనకు వచ్చిన అభిప్రాయాలను మూడు గుంపులుగా విడదీద్దాం.

విన్నది: పక్కింటావిడ మాట. ఇది కొట్టిపారేయవలసినది కాదు, వెళ్ళి చూడవలసినది.

చూసింది: మూడో, నాలుగో, ఐదో మాటలు. వీటిలో ఏం జరిగిందో ఉంది. ఎప్పుడు జరిగిందో అడిగితే చెప్పగలరు.

కోరుకున్నది: అత్తగారి మాట. ఇందులో బడి గురించి సమాచారం లేదు, ఆమె ఆశ ఉంది. ఆశ తప్పు కాదు. కానీ టై కట్టుకున్న పిల్లకు తీసివేత వచ్చో రాదో టైని చూసి చెప్పలేం.

పాఠ్యగత ప్రశ్నలు 9.1

కింది మాటలు ఏ గుంపుకు చెందుతాయో రాయండి.
(అ) "సోమవారం పదిన్నరకు వెళ్ళాను. రెండు తరగతులకు ఒకే టీచరు ఉన్నారు."
(ఆ) "అక్కడ పిల్లల్ని కొడతారట."
(ఇ) "నా కొడుకు ఇంజనీరు కావాలి."

9.3 విన్నమాటకూ వేరు ఉంటుంది

"టీచర్లు రారట" అనే మాట గాలిలోంచి పుట్టలేదు. 2003లో పరిశోధకులు దేశంలోని 20 రాష్ట్రాలలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు చెప్పకుండా వెళ్ళి చూశారు. సగటున నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. జార్ఖండ్‌లో నూటికి 42 మంది లేరు. మహారాష్ట్రలో అది సుమారు 15 మాత్రమే. అంటే ఆనాటి తల్లిదండ్రుల ఫిర్యాదుకు ఆధారం ఉంది.

కానీ అది 2003 నాటి లెక్క, పైగా రాష్ట్రం మొత్తానికి సంబంధించినది. మీ బస్తీ బడిలో ఈ వారం ఎంతమంది ఉన్నారో అది చెప్పదు. దానిని మీరే చూడాలి. చూసినప్పుడు కారణం కూడా అడగాలి. టీచరు సెలవులో ఉండవచ్చు, శిక్షణకు వెళ్ళి ఉండవచ్చు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం వంటి పనులకు టీచర్లను పంపడానికి చట్టమే అనుమతిస్తోంది.

ఇంకొక విన్నమాట టీచర్ల వైపు నుంచి తరచు వస్తుంది: "బీద తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదు." 1996లో ఉత్తర భారత రాష్ట్రాలలో ఒక పెద్ద సర్వే జరిగింది. నేటి జార్ఖండ్ అప్పుడు బీహార్‌లో భాగం; సర్వే చేసిన రాష్ట్రాలలో బీహార్ ఒకటి. 1999లో 'ప్రోబ్' నివేదికగా వెలువడిన ఆ సర్వేలో, మగపిల్లలకు చదువు ముఖ్యమని నూటికి 98 మంది, ఆడపిల్లలకు ముఖ్యమని 89 మంది తల్లిదండ్రులు చెప్పారు. అంటే తల్లిదండ్రులు టీచర్ల గురించి అన్నా, టీచర్లు తల్లిదండ్రుల గురించి అన్నా, విన్నమాటను పరీక్షించే నిలవనివ్వాలి.

9.4 బడిలో ఏమి చూడాలి?

"బడి బాగుంది", "బాగోలేదు" అనడానికి ఒక కొలబద్ద కావాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ కొలబద్దను ఇచ్చింది. ఒకటి నుంచి ఐదు తరగతులున్న బడికి ముఖ్యమైనవి ఇవి:

• టీచర్లు: 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి.
• పనిదినాలు: ఏడాదికి కనీసం 200 రోజులు, 800 గంటల బోధన.
• వసతులు: తాగునీరు, బాలురకు, బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం.
• క్రమశిక్షణ: పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం.
• సమావేశాలు: పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై చెప్పడం టీచరు విధి.

మధ్యాహ్న భోజనానికి కూడా కొలత ఉంది. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల ధాన్యంతో, 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందేలా భోజనం ఉండాలి.

ఇప్పుడు నాలుగో తల్లి మాటను ఈ కొలబద్దతో చూడండి. మరుగుదొడ్డి కట్టి ఉంది. లెక్కల పుస్తకంలో 'ఉంది' అనే రాస్తారు. తాళం వేసి ఉంటే పిల్లకు మాత్రం అది లేనట్టే. ఈ తేడా కాగితంలో కనబడదు, తల్లికి కనబడుతుంది. తల్లిదండ్రుల అభిప్రాయానికి విలువ ఉన్నది ఇలాంటి చోటే.

9.5 పుస్తకం చదవలేని తల్లి ఎలా తెలుసుకోవాలి?

మన కుటుంబంలోని తల్లికి హిందీ చదవడం రాదు. పిల్ల నోట్‌బుక్‌లో ఎర్రసిరా టిక్కులు కనబడతాయి కానీ లోపల ఏముందో తెలియదు. అయినా ఆమె చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి.

మొదటిది చదవడం. పిల్లను రెండో తరగతి హిందీ పుస్తకంలో ఒక పేజీ పైకి చదవమనండి. తరువాత పుస్తకం మూయించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. అక్షరాలు కూడబలుక్కుంటున్నదా, ధారాళంగా చదువుతున్నదా అన్నది భాష రాకపోయినా చెవికి తెలుస్తుంది. అర్థమయిందా లేదా అన్నది తెలుగులో చెప్పేటప్పుడు తెలుస్తుంది.

రెండవది తీసివేత. అంకెలకు భాష అడ్డం కాదు. 41 – 17 వంటి లెక్క ఇవ్వండి. మూడో మాటలోని పిల్లవాడు 36 అన్నాడు. అతడు ఊరికే ఏదో చెప్పలేదు. ఒకట్ల స్థానంలో 1లోంచి 7 పోదు కనుక తిరగేసి 7లోంచి 1 తీశాడు, 6 వచ్చింది. పదుల స్థానంలో 4లోంచి 1 తీశాడు, 3 వచ్చింది. అతనికి తీసివేత వచ్చు, పది అప్పు తెచ్చుకోవడం రాదు. "మావాడికి లెక్కలు రావు" అనడం కన్నా "అప్పు తెచ్చే తీసివేత రావడం లేదు" అని చెబితే టీచరుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

2005 నుంచి గ్రామీణ ప్రాంతాలలో జరుగుతున్న 'అసర్' సర్వేలోనూ పిల్లల చదువును ఇలాంటి చిన్న పరీక్షలతోనే కొలుస్తారు.

భాష సంగతి కూడా మరువకండి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. బడిలో తెలుగు లేకపోయినా ఇంట్లో తెలుగు కథ చెప్పడం, తెలుగు అక్షరాలు దిద్దించడం మానవద్దు. ఇంటి భాషలో ఆలోచన బలపడిన పిల్లకు రెండో భాష నేర్చుకోవడం తేలికవుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 9.2

(అ) ఒక బడిలో ఐదో తరగతి వరకు 84 మంది పిల్లలున్నారు. చట్టం ప్రకారం ఎంతమంది టీచర్లు ఉండాలి?
(ఆ) ఒక పిల్ల 52 – 28 = 36 అని రాసింది. ఆమె చేసిన పొరపాటు ఏమిటి?

9.6 అభిప్రాయాన్ని ఎక్కడ చెప్పాలి?

కుళాయి దగ్గర చెప్పిన మాట కుళాయి దగ్గరే ఆగిపోతుంది. చట్టం దానికి ఒక చోటు చూపింది. అదే బడి యాజమాన్య సమితి. జార్ఖండ్‌లో దీనిని 'విద్యాలయ ప్రబంధన్ సమితి' అంటారు. ఇందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి పనితీరును గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల ఖర్చును చూడడం దీని పనులు.

అక్కడ ఎలా మాట్లాడాలి? ఈ రెండు వాక్యాలను పోల్చండి.

"మీ బడిలో ఏదీ సరిగ్గా లేదు."

"ఈ నెల 3 నుంచి 8 వరకు ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? బడి తెరవగానే తాళం తీసే బాధ్యత ఒకరికి అప్పగించాలని కోరుతున్నాం."

మొదటి వాక్యానికి జవాబు కోపం. రెండవదానికి జవాబు తాళంచెవి. మంచి ఫిర్యాదులో మూడు అంశాలుంటాయి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏం చేయాలి. మంచిని కూడా ఇలాగే చెప్పండి. "మాస్టారు పిల్లవాడి గురించి అడిగారు" అన్న ఆటో తండ్రి మాట సమావేశంలో వినబడితే, ఆ మంచిపని మరో టీచరుకు కూడా తోవ చూపుతుంది.

సమితిలో పని జరగకపోతే స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల లోపు నిర్ణయం చెప్పాలని చట్టం అంటోంది. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు నకలు ఒకటి, అందినట్టు సంతకం మీ దగ్గర ఉంచుకోండి.

9.7 మరి పిల్లను మార్చాలా?

ఈ పాఠం ఆ నిర్ణయం చెప్పదు. అది ఆ తల్లిదండ్రులదే. కానీ ఒక పని చేయమని చెబుతుంది: ప్రభుత్వ బడికి వేసిన ప్రశ్నలన్నీ ప్రైవేటు బడికి కూడా వేయండి. తరగతిలో ఎంతమంది పిల్లలు? మూడో తరగతి పిల్ల తీసివేత చేయగలదా? చదివినది ఇంటి భాషలో చెప్పగలదా? ఒకే కొలబద్దతో రెండింటినీ కొలిచిన తరువాత మార్చినా, ఉంచినా, ఆ నిర్ణయం తెలిసి చేసినది అవుతుంది. ఉంచాలని నిర్ణయిస్తే సమావేశానికి వెళ్ళడం కూడా ఆ నిర్ణయంలో భాగమే.

మీరు నేర్చుకున్నది

• అభిప్రాయాలలో విన్నవి, చూసినవి, కోరుకున్నవి కలిసి ఉంటాయి. ముందు వాటిని విడదీయాలి.
• విన్నమాట చివర 'అట'ను నిలబెట్టాలి. వెళ్ళి చూసిన తరువాతే దానిని తీసివేయాలి.
• టీచర్లు, పనిదినాలు, వసతులు, భోజనం గురించి చట్టం ఇచ్చిన కొలతలున్నాయి.
• బడి భాష చదవలేని తల్లి కూడా పిల్ల చదువును పరీక్షించగలదు.
• తేదీతో, కోరికతో చెప్పిన మాటకు సమితిలో విలువ ఉంటుంది.

కృత్యం

మీ దగ్గరలోని ప్రభుత్వ బడి గురించి ఐదుగురు తల్లిదండ్రులను అడగండి. వారిలో కనీసం ముగ్గురు స్త్రీలుండాలి. వారి మాటలను వారు చెప్పినట్టే రాసి, మూడు గుంపులుగా విడదీయండి. 'విన్నది' గుంపులోని ఒక మాటను మీరే స్వయంగా వెళ్ళి పరిశీలించండి.

పాఠాంత ప్రశ్నలు

1. విన్నమాట నిజంగా ఎలా మారిపోతుందో ఒక ఉదాహరణతో వివరించండి.
2. బడి యాజమాన్య సమితి నిర్మాణాన్ని, పనులను వివరించండి.
3. "మధ్యాహ్న భోజనం బాగుండడం లేదు" అనే ఫిర్యాదును మూడు అంశాలతో తిరిగి రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

9.1 (అ) చూసింది (ఆ) విన్నది (ఇ) కోరుకున్నది
9.2 (అ) ముగ్గురు (ఆ) ఒకట్ల స్థానంలో పది అప్పు తెచ్చుకోకుండా 8లోంచి 2 తీసింది. సరైన జవాబు 24.