తోటకు ఎరువు – చట్టపు కొలత

‘ఎరువు’ అను మాటకు తెలుగున రెండర్థములు గలవు. ఒకటి పైరుకు వేయునది. రెండవది తిరిగి ఇచ్చెదమని తెచ్చుకొన్నది. భూమినుండి తీసికొన్నదానిని భూమికే చెల్లించుట సేద్యధర్మమని తలచినచో ఈ రెండర్థములును ఒకచోటికే చేరును.

నర్సీపట్నము చుట్టుపట్ల పల్లెలనుండి పశువుల పెంట బండ్లమీదను, ట్రాక్టర్లమీదను తోటలకు వచ్చుచున్నది. పట్టణమున పెరటిలోను, మేడమీదను మొక్కలు పెంచువారు సంచులలో అమ్మెడి వానపాముల ఎరువును కొనుచున్నారు. చట్టము దృష్టిలో ఈ రెండును ఒకటి కావు.

1955 నాటి నిత్యావసర సరుకుల చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము 1985లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును జారీ చేసినది. 2006లో దానిని సవరించి జీవన ఎరువులను, సేంద్రియ ఎరువులను అందు చేర్చిరి. ఆ ఉత్తర్వు ననుసరించి వానపాముల ఎరువులో తేమ నూటికి 15 మొదలు 25 పాళ్ళు ఉండవలెను. సేంద్రియ కర్బనము 18 పాళ్ళకు తగ్గరాదు. దుర్వాసన ఉండరాదు. సీసము కిలోకు 100 మిల్లీగ్రాములకు మించరాదు. తేమకు హద్దు లేనిచో కొనువాడు నీటికి వెల చెల్లించును. సీసమునకు హద్దు లేనిచో ఆ విషము కూరగాయలద్వారా మన విస్తరిలోనికి వచ్చును.

ఒకమారు మేము పేరు, తేదీ లేని సంచి నొకదానిని చౌకగా కొంటిమి. గుప్పెడు తీసి గాజుగ్లాసు నీటిలో కలుపగా సగము ఇసుకయై అడుగునకు దిగినది. రశీదు తీసికొననందున అడుగుటకు మాకు నోరు లేకపోయినది.

రైతు దొడ్డిలోని పెంటపోగుకు ఇట్టి కొలతలు లేవు. అచట కొనువాని కన్నును, ముక్కును, చేయియే పరీక్ష. బాగుగా చివికిన పెంట నల్లగా, పొడిపొడిగా ఉండును, మట్టివాసన వేయును. పచ్చిపెంట వేడికి లేతవేళ్ళు మాడును. అందలి కలుపు గింజలు తోటనిండ మొలచును. క్వింటాలు పెంటలో నత్రజని సుమారు అరకిలోయే అయినను, అది నేలను గుల్లపరచి తేమను నిలుపును. ఈ మేలు యూరియాకు లేదు.

కావున పల్లెరైతు బండికి ప్రయోగశాల పత్రము నడుగుట న్యాయము కాదు. సంచికి వెల కట్టి అమ్ము వర్తకుని వివరము లడుగకుండుట వివేకము కాదు. సంచిపై తయారుచేసినవారి పేరు, బరువు, తేదీ చూడవలెను. రశీదు తీసికొనవలెను. అనుమానము కలిగినచో వ్యవసాయశాఖ అధికారికి తెలుపవలెను. అడుగువాడు లేనిచో చట్టము కాగితముననే యుండును.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటి. కళాశాల ఆవరణలో రాలిన ఆకులను కాల్చివేయక, కార్యవర్గమువారి అనుమతితో ఒక గుంత త్రవ్వి అందు చివుకనిత్తము. చెట్టు తీసికొన్న ఎరువును చెట్టుకే తీర్చినవార మగుదుము.