ఇంటి స్థలంలో ఎంత కట్టవచ్చు?

రాజవొమ్మంగి ప్రాంతపు పల్లెలలో ఇల్లు అంటే కప్పు క్రింది భాగం మాత్రమే కాదు. ముందు వాకిలి, వెనుక పెరడు కూడా ఇల్లే. ఇక్కడి భూమి ఎవరి చేతికి మారవచ్చునో 1/70 చట్టం చెప్పుచున్నది. స్థలంలో ఎంత మేర కట్టవచ్చునో చెప్పు లెక్క నగరాలది. మన విద్యార్థులు పలువురు రేపు ఆ నగరాలలో స్థలం కొనబోవువారే గనుక ఈ లెక్కను వివరింపదలచినాము.

పొరుగు రాష్ట్రాల రాజధానులైన బెంగుళూరు, హైదరాబాదులను చూతము. 2007లో ఆమోదం పొందిన బెంగుళూరు ప్రణాళిక, చిన్న నివాస స్థలాలలో కట్టడం నూటికి 75 వంతులు మించరాదన్నది. చుట్టూ కొంత ఖాళీ కూడ విడువుమన్నది. హైదరాబాదు పద్ధతి వేరు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వెలువడిన జీ.ఓ. 168 శాతంతో గాక మీటర్లతో కొలిచినది. 100 నుండి 200 చదరపు మీటర్ల స్థలంలో, చిన్న వీధి అయినచో, ముందు ఒకటిన్నర మీటరు, మిగిలిన మూడు వైపుల ఒక్కొక్క మీటరు విడువవలెను.

ఇక గుణించి చూడుడు. 9 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు గల స్థలం 180 చదరపు మీటర్లు. ఖాళీ పోగా కట్టడానికి మిగులునది 122.5, అనగా నూటికి 68. అదే 180 మీటర్లు 6 వెడల్పు, 30 పొడవుగా ఉన్నచో మిగులునది 110. నూటికి 61 మాత్రమే. శాతపు లెక్కకు రెండు స్థలాలును సమానమే: చెరి 135. అన్నదమ్ముల పంపకాలలో చీలికలైన స్థలం చౌకగా దొరకును గాని, దానిని కొన్నవాడు మీటర్ల లెక్కలో గది పొడుగునా నష్టపోవును. ఈ మాట దస్తావేజు వ్రాయు దినమున ఎవరును చెప్పరు!

50 మీటర్లలోపు స్థలమునకు ముందు ఒకటిన్నర మీటరు విడిచిన చాలును. పేదవానికిది న్యాయమే.

మాకు మిక్కిలి వెలితిగా తోచినది మరొకటి. గోదావరి సీమ మండువా లోగిలిలోను, హైదరాబాదు పాతనగరపు ఇండ్లలో ఉర్దూవారు సెహన్ అను లోపలి వాకిలిలోను ఖాళీ ఇంటి నడుమ నుండును. ఆడవారు, పిల్లలు, ముసలివారు గాలికి కూర్చుండునది అక్కడనే. శాతపు లెక్క ఒక్కటే ఉన్నచో ఆ వాకిలియు ఖాళీలోనే చేరును. మీటర్ల లెక్క బయటి ఖాళీనే గుర్తించును. 9 × 20 స్థలంలో మండువా కోరువాడు చుట్టూ 57.5 చదరపు మీటర్లు విడిచిన పిమ్మట, మిగిలిన 122.5 లోనే దానికి చోటు చూచుకొనవలెను.